గేజు గ్లాసులో సగం నీళ్ళు

తమ్ముడి పరీక్ష తాలూకు గ్రాఫు ప్రింటరులోంచి బయటికి వచ్చేసరికి గోడ గడియారంలో పది ముప్పై ఒకటి. అందులో నీటి గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

ఇంజిన్‌లో బొగ్గూ నీళ్ళూ చూసుకునే ఏ ఫైర్‌మన్ చేతిలోనూ నీటి గీత అలా ఉండదు. ఆవిరి ఖర్చయిన కొద్దీ బాయిలర్‌లో నీళ్ళు తగ్గుతాయి, మళ్ళీ పోస్తే పెరుగుతాయి. గీత రంపం పళ్ళలా రావాలి. కంప్యూటర్ స్క్రీన్ మూలకు చూశాను. అక్కడ పచ్చటి అరచెయ్యి గుర్తు వెలుగుతోంది. సహాయం ఆన్‌లో ఉంది.

మాది పాత ఆవిరి బండ్లను సరదా ప్రయాణాలకు నడిపే చిన్న కంపెనీ. షెడ్డు వెనక గదిలో ట్రైన్ సిమ్యులేటర్ ఉంది. బజారులో దొరికే ఆటే. దానికి మా కొండ లైనునీ మా ఇంజిన్ కొలతల్నీ ఎక్కించి, నిజం చక్రాలూ మీటలూ బిగించింది నేను. మామూలు రోజుల్లో కొత్తవాళ్ళకు దాని మీదే శిక్షణ, పరీక్ష. ఆదివారం మాత్రం చూడ్డానికి వచ్చిన పిల్లలు ఆడుకుంటారు. వాళ్ళ చేతుల్లో ఊరికే బాయిలర్ పేలిపోకుండా ఆ ఒక్కరోజూ సహాయం ఆన్ చేస్తాను. అప్పుడు ఎవరేం చేసినా నీళ్ళు వాటంతటవే నిండుతాయి. సోమవారం పొద్దున్నే దాన్ని తీసెయ్యాలి.

నిన్న సోమవారం. నిన్న పరీక్షకు కూర్చున్నది నా తమ్ముడు. వందకు తొంభై ఆరు. మార్కులు చూసి షెడ్డంతా చాటింపు వేశానే తప్ప గ్రాఫు తియ్యలేదు.

ఈ ఉదయం పది పదికి వాడు పెద్ద డ్రైవరు పక్కన మొదటిసారి అసలు ఇంజిన్ మీద ఫైర్‌మన్‌గా బయలుదేరాడు. వెనక నాలుగు పెట్టెలు, నూట నలభై మంది.

గ్రాఫు కింద వాడి చేతి కదలికలు వరుసగా అచ్చయ్యాయి. బాయిలర్‌లోకి నీళ్ళు తోసేది ఇంజెక్టర్. ముందు నీటి చక్రం తిప్పాలి, తర్వాత ఆవిరి చక్రం. వాడు పదకొండుసార్లూ ముందు ఆవిరే తిప్పాడు. అలా తిప్పితే ఇంజెక్టర్ నీటిని పట్టుకోదు. నీళ్ళన్నీ ఇంజిన్ క్యాబ్ కిందున్న గొట్టంలోంచి పట్టాల మీదికి పోతాయి. పరీక్ష కంగారులో వరుస తారుమారైంది. సహాయం ఉంది కాబట్టి బాయిలర్ నిండుతూనే పోయింది.

"అక్కా, నువ్వు చెప్పిన పద్ధతి కన్నా నా పద్ధతే నయం. ఒక్కసారి కూడా మొరాయించలేదు" అన్నాడు నిన్న, కుర్చీలోంచి లేస్తూ.

నేను నవ్వాను.

వాడి ఫోన్ నా సొరుగులోనే ఉంది. ఇంజిన్ ఎక్కేవాళ్ళు ఫోన్ ఇక్కడ పెట్టి వెళ్ళాలన్నది రూలు. షెడ్డు మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని నిట్టూర్చాడు.

"నీళ్ళెంతున్నాయో చూపించే గేజు గ్లాసు ఉంది కదమ్మా. వాడికి కళ్ళున్నాయి కదా."

"కొండ ఎక్కుడులో గ్లాసు అబద్ధం చెబుతుంది సార్. ఇంజిన్ ముక్కు పైకి లేస్తే నీళ్ళు వెనక్కి వస్తాయి. గ్లాసు వెనకవైపే ఉంటుంది."

"సరే, కొండ దాటాక స్టేషన్‌లో ఆపి చూసుకోమంటాను. ఎక్కుడు మధ్యలో ఆపితే మళ్ళీ కదలదు, జనం నన్ను తిడతారు."

"అక్కడిదాకా నీళ్ళు సరిపోతాయా సార్?"

"ఆ లెక్క నువ్వే చెప్పాలి. ఆట నీది."

కొండ మీదికి బండి పది యాభై రెండుకు చేరుతుంది. దానికి ముందు పది నలభై ఏడుకు గేటు ఒకటుంది. ఆపగలిగితే అక్కడే ఆపాలి. సిమ్యులేటర్ కుర్చీలో కూర్చుని సహాయం తీసేశాను. ఆటలో కాలాన్ని నాలుగింతల వేగానికి పెట్టి, ఆవిరి వదిలే రెగ్యులేటర్ సగం తెరిచాను. స్పీకర్లలో ఇంజిన్ దగ్గుతూ కదిలింది. తమ్ముడి గ్రాఫును ఒడిలో పెట్టుకుని, వాడు ఎక్కడ బొగ్గు వేశాడో అక్కడ వేశాను, ఎక్కడ తప్పు తిప్పాడో అక్కడ తప్పు తిప్పాను. తెలిసి తెలిసి తప్పు తిప్పుతుంటే చెయ్యి దానంతటదే సరైన చక్రం మీదికి పోయేది.

మూడో కిలోమీటరు దగ్గర ఎక్కుడు మొదలైంది. గ్లాసులో ముప్పావు వంతు నీళ్ళు. ఎనిమిదో కిలోమీటరు దగ్గరా దాదాపు అంతే. గేటు దాటాను. సగం ఉంది. ఎవరు చూసినా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయేంత సగం.

కొండ నెత్తి వచ్చింది. ఇంజిన్ ఏటవాలు తగ్గి, నెమ్మదిగా ముక్కు దించింది. బాయిలర్‌లో నీళ్ళన్నీ ముందుకు ఒరిగాయి. గ్లాసులో నీళ్ళు ఎవరో జుర్రుకున్నట్టు కిందికి జారిపోయి మాయమయ్యాయి. నిప్పుగూటి పైకప్పు రేకు ఇప్పుడు ఎర్రటి మంట మీద పొడిగా ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర స్క్రీన్ తెల్లబడింది.

స్టేషన్ ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది.

గడియారం చూశాను. పది నలభై ఆరు. మేనేజరు లైను ఎంగేజ్. గేటుకు చేశాను. గేటు కాసే ఆమెను మేమంతా గేటు వదిన అంటాం. ఏడో రింగుకు ఎత్తింది.

"ఏంటమ్మాయ్, తమ్ముడికి టాటా చెప్పమంటావా? పొగ కనిపిస్తోంది, వచ్చేస్తున్నాడు మీ హీరో."

"వదినా, బండి ఆపు. ఎర్ర జెండా పట్టు."

"ఆర్డరెవరిది?"

"నాది."

"నీ ఆర్డరు మీ ఇంట్లోనే చెల్లదు కదే!"

"వదినా, అది కొండ దాటితే బాయిలర్ పేలిపోతుంది. మా వాడు చచ్చిపోతాడు."

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. పరిగెత్తే అడుగులు. తర్వాత ఇంజిన్ రొద దగ్గరైంది, ఇంకా దగ్గరైంది. ఆగడం లేదు. ఈల ఒకసారి గట్టిగా అరిచింది. బ్రేకులు కీచుమన్నాయి. చాలాసేపటికి ఎవరో రిసీవరు అందుకున్నారు.

"అక్కా! నీకేమన్నా పిచ్చా?" తమ్ముడు రొప్పుతున్నాడు. "మొదటి రోజే పరువు తీశావ్! జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు."

"నీళ్ళెంత ఉన్నాయ్?"

"సగం. నా కళ్ళతో చూశా. పెద్ద డ్రైవర్ మామ కూడా చూశాడు."

"ఇంజెక్టర్ తెరిచినప్పుడు కింద గొట్టంలోంచి నీళ్ళు కారాయా?"

"కారాయి. ఎప్పుడూ కారేవే కదా?"

"ఇంజెక్టర్ నీటిని పట్టుకుంటే కారవురా. పట్టుకుంటే అది సన్నగా పాడుతుంది. నీకు పాట వినబడిందా?"

"పాటా?" అన్నాడు.

"నీకు తొంభై ఆరు రాలేదు. సహాయం తియ్యడం నేను మర్చిపోయాను. నువ్వు పోసిన నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్ళలేదు. నిన్న ఆటలోనూ లేదు, ఇవాళా లేదు."

"అంటే..." వాడి గొంతు చిన్నపిల్లాడిదైంది. "నేను ఫెయిలా?"

"అవును."

"సరే. ఏం చెయ్యాలో చెప్పు."

"ముందు నీళ్ళు, తర్వాత ఆవిరి. పరిగెత్తు."

రిసీవరు మళ్ళీ వదిన చేతికొచ్చింది. ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

"ఎక్కాడు... తిప్పుతున్నాడు... కారుతున్నాయమ్మాయ్. ధారగా పోతున్నాయ్."

అరగంటగా ఆవిరి ఒక్కటే తగిలి ఇంజెక్టర్ కాలిపోతూ ఉంటుంది. అంత వేడి మీద అది నీటిని పట్టుకోలేదు.

"వదినా, చన్నీళ్ళున్నాయా?"

"బిందెడున్నాయ్, తాగేవి."

"ఆ ఇంజెక్టర్ మీద పోయమను. చక్రాలు రెండూ మూసి పోయమను."

అంతలో పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు పెద్ద శబ్దం. ఆగకుండా అదే శబ్దం. సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. నిలబడ్డ ఇంజిన్‌లో ఆవిరి ఎక్కువై పైనుంచి తన్నుకుపోతోంది. పోయే ఆవిరంతా నీళ్ళే. గ్లాసులో మిగిలిన సగం కూడా ఇప్పుడు కరిగిపోతోంది.

"పెద్దాయన కదిలిద్దాం అంటున్నాడు" అంది వదిన. "ఆవిరి దండిగా ఉంది, కొండెక్కేద్దాం అంటున్నాడు."

"వద్దు! వద్దని చెప్పు!"

ఆమె చెప్పక్కర్లేకపోయింది. ఆ రొదలోంచి తమ్ముడి కేక నాకే వినబడింది. "కదలడానికి వీల్లేదు మామా! చెయ్యి తియ్యి దాని మీంచి!"

పెద్ద డ్రైవరుకు ఒక చెవి ఎప్పుడో పోయింది. "ఏంట్రా, నాకే చెబుతున్నావా?" అన్నాడు.

"నీకే! తియ్యి!"

ముప్పై రెండేళ్ళు ఇంజిన్ నడిపిన మనిషితో అలా మాట్లాడినవాడు మా షెడ్డులో లేడు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

"సగం బిందె పోశాడు" అంది వదిన. "తిప్పాడు. అబ్బే, కారుతూనే ఉన్నాయ్."

"గ్లాసు?"

ఆమె బయటికి కేకేసి అడిగింది. "పావు కన్నా తక్కువంట."

పావు కూడా ఎక్కుడులో చూపించే పావే. దాని కింద ఏముందో ఎవరికీ తెలియదు.

"మిగతాది కూడా పోయమను. మెల్లగా, దాని నడుం మీద. తర్వాత నీటి చక్రం పూర్తిగా, ఆవిరి ఒక్కసారిగా."

వదిన బిందె పట్టుకుని తనే పరిగెత్తింది. రిసీవరులో సేఫ్టీ వాల్వు మోత తప్ప ఏమీ లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. వాడి మొహం గుర్తు తెచ్చుకోబోతే తెల్లటి స్క్రీనే కనిపించింది.

అప్పుడు మోత కింద ఇంకో శబ్దం పుట్టింది. సన్నగా, తుమ్మెద లాంటి శబ్దం. తెగింది. మళ్ళీ పుట్టింది. ఈసారి తెగలేదు.

"కారడం ఆగిపోయింది!" వదిన ఫోన్‌లో అరిచింది. "అమ్మాయ్, ఒక్క చుక్క లేదు! పాడుతోంది!"

పావుగంట అక్కడే నిలబెట్టి పోయించాను. కదలదనుకున్న బండిని పెద్ద డ్రైవరు చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక జల్లి, తిట్టుకుంటూ కదిలించాడు.

పదకొండున్నరకు తమ్ముడు కొండ అవతలి స్టేషన్ నుంచి ఫోన్ చేశాడు.

"కొండ మీద చదునులో ఆపి చూశాం అక్కా. పావుగంట పోసిన తర్వాత కూడా గ్లాసులో రెండు వేళ్ళే."

ఆ పావుగంట పొయ్యకపోతే ఏమయ్యేదో నేను లెక్క వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం లేదు.

"మామ ఏమన్నాడు?"

"నా చేతిలోంచి పార తీసుకుని నన్ను కూర్చోబెట్టాడు. అమ్మకు చెప్పకు."

"చెబుతాను. సార్‌కి కూడా చెబుతాను. తప్పు నాది."

"నీ ఉద్యోగం పోతుంది."

"పోనీ."

అవతల వాడు ఏడుస్తున్నాడని తెలిసింది. వాడు ఆపేదాకా నేను ఫోన్ పెట్టలేదు.