ఎవరి సాయమూ లేకుండా

"స్నానం మీ అంతట మీరు చేయగలరా అని అడుగుతున్నారండీ," అంది ఆమె కాగితం మీంచి తలెత్తకుండానే. తలెత్తి అడగాల్సిన ప్రశ్న కాదది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయిన మనిషి ఏం చెబుతాడో ఎవరికి తెలియదు? భోజనాల బల్ల శుభ్రంగా తుడిచి, దాని మీద ప్రభుత్వం వారి వికలాంగ భృతి దరఖాస్తు పరుచుకుని, 'లేదు' అన్న గడిలో కలం అప్పటికే ఆనించి పెట్టుకుంది.

"చేయగలను," అన్నాడు ఆమె భర్త.

ఆమె నవ్వేసింది. మొన్నమొన్నటిదాకా బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఈల ఊది వందలమంది పిల్లల్ని ఎండలో ఉరకలెత్తించిన మనిషి. ఒళ్ళు పడిపోయినా బింకం పడిపోలేదు కాబోలు, పోనీలే పాపం అనుకుంది. "ఇదేం ఆటల పోటీ కాదండీ, చేయగలనంటే భృతి రాదు," అని నచ్చజెప్పబోయింది. "తెలుసు. అలాగని అబద్ధం ఆడమంటావా?" అన్నాడాయన, మర్యాదగానే.

ఆ భృతి మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో ఆయనకు తెలియనిది కాదు. ఆయన పడిపోయిన రోజు నుంచీ ఆమె కళ్ళద్దాల షాపు మానేసింది. అద్దాన్ని అంచులు అరగదీసి ఫ్రేములో బిగించడం ఆమె పని. ఆ సన్నటి స్క్రూలూ, వెనక గదిలో దీపం కింద తన స్టూలూ, మధ్యాహ్నాలు పక్క స్టూలు పిల్లతో చెప్పుకునే కబుర్లూ ఆమెకు ప్రాణం. మానేస్తున్నానని చెప్పడానికి వెళితే షాపు యజమానురాలు, "నీకేమమ్మా, ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు," అంది. ఆడపడుచైతే ఇంకో మెట్టు ఎక్కి, "ఇన్నాళ్ళకు నీకు విశ్రాంతి దొరికింది వదినా," అంది. ఏ నోటితో అందో గానీ, ఆ పూట వదిన అన్నగారి పక్కబట్టలు మార్చడం అది రెండోసారి. నెలాఖరులోగా వస్తానంటే స్టూలు నీదే, లేదంటే వేరే మనిషిని పెట్టుకుంటానని యజమానురాలు మొన్ననే కబురు పెట్టింది. భృతి వస్తే పగలు ఆయన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని కుదుర్చుకోవచ్చు. ఆమె షాపుకు వెళ్ళవచ్చు. ఉన్న దారి అదొక్కటే. దరఖాస్తులో ఏదో ఒకటి తనే రాసి పారేద్దామన్నా కుదరదు. ఒక అధికారి ఇంటికొచ్చి ఇవే ప్రశ్నలు ఆయన్ని అడుగుతాడనీ, రెండూ కలవకపోతే కాగితం వెనక్కొస్తుందనీ ఆఫీసు గుమాస్తా ముందే హెచ్చరించాడు.

సరే, స్నానం సంగతి తర్వాత చూద్దామని ముందుకు వెళ్ళింది. బట్టలు వేసుకోగలరా? వేసుకుంటాను. భోజనం చేయగలరా? చేస్తాను. రాత్రిపూట లేచి మరుగుదొడ్డికి వెళ్ళగలరా? వెళుతున్నానుగా. ఒక్కో జవాబుకీ ఆమె చేతిలో కలం బరువెక్కిపోయింది. రాత్రి ఆయన వెళ్ళేది ఆమె భుజం మీద. ఆ భుజం ఇప్పుడు కొంగు సర్దుకోవడానికి ఎత్తినా కలుక్కుమంటోంది. స్నానాలగదిలో పీట మీద కూర్చోబెట్టి, వీపు రుద్ది, కాళ్ళు కడిగి, తుడిచి, పౌడరు వేసి బయటికి తెచ్చేసరికి ఆయన మల్లెపువ్వులా ఉంటాడు, ఆమె తడిసి ముద్దవుతుంది. పళ్ళెంలో ప్రతిదీ నోట్లో పట్టేంత ముక్కలు చేసి ఎడంచేతి దగ్గరికి జరిపితే తింటాడు. మూతి తుడిచేది ఎవరు? ఆయన మొహంలోకి చూసింది. బింకమూ లేదు, వేళాకోళమూ లేదు. పాఠం బాగా చదువుకొచ్చిన పిల్లాడిలా నిదానంగా, నిజాయితీగా చెబుతున్నాడు. ఆమె కలం కాగితం మీంచి తీసేసింది.

"పొద్దున ఈ చొక్కా మీకు ఎవరు తొడిగారు?" అని అడిగింది.

ఆయన తల వంచి చొక్కా వంక చూసుకున్నాడు. "నేనే వేసుకున్నా. నువ్వు చెయ్యి దూర్చి గుండీలు పెట్టావంతే."

మెదడుకు ఏమీ కాలేదని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు, పదేళ్ళ కిందటి పరుగు పందెంలో ఎవడు గెలిచాడో చెబుతాడు. మెదడు కూడా దెబ్బతిని ఉంటే బాగుండేదని ఆ క్షణంలో ఆమె నిజంగా అనుకుంది, అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు. కింద ప్రశ్న చదివింది. మీకు సాయంగా ఉండేవారు ఎవరు?

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "ఎవరున్నారు? మనిద్దరమేగా," అన్నాడు.

ఆమెకు మొన్నటి పరామర్శలు గుర్తొచ్చాయి. చూడటానికి వచ్చిన బంధువులందరూ ఇదే హాల్లో కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా ఎంత బాగా కోలుకున్నాడో అని ఆయన్ని మెచ్చుకుంటుంటే, వాళ్ళకి టీ కప్పులు అందిస్తూ తనూ నవ్వింది. మాటవరసకు అంటున్నారనుకుంది. అది మాటవరస కాదు, వాళ్ళకు కనబడింది అదే. ఆయనకు కనబడేదీ అదే. ఇప్పుడనే ఏముంది? పెళ్ళయిన కొత్తలో ఎవరైనా ఈ కాగితం పట్టుకొచ్చి అడిగినా ఈ జవాబులే చెప్పేవాడు. ఇస్త్రీ బట్టలు బీరువాలో పుట్టేవి, అన్నం గిన్నెలో పుట్టేది. పక్షవాతం ఆయన కుడిచెయ్యి పట్టుకుపోయింది సరే, ఇంటి పనిలో ఆ చెయ్యి వాడింది ఎప్పుడు గనక లేని లోటు తెలియడానికి? ఇన్నేళ్ళూ ఒక మనిషి పక్కన బతికాననుకుంది. ఆ మనిషి లెక్కలో ఆ పక్కన ఎవరూ లేరు.

"మరి నేనేం చేస్తున్నానండీ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ?" అంది చివరికి.

ఆయన కోపం తెచ్చుకోలేదు. విడ్డూరంగా చూశాడు. "నువ్వు ఇంట్లో ఉంటున్నావు. సాయమంటే అడిగితే చేసేది. నేనెప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా?"

లేదు. అదీ నిజమే. మంచినీళ్ళనే మాట ఆయన నోట్లోంచి రాకముందే గ్లాసు చేతికందేది. ఇంకొకరిని అడిగే అవసరం ఎలా ఉంటుందో కూడా ఆయనకు తెలియకుండా కాచుకొచ్చింది. అంత ఘనంగా చేసింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. కలానికి మూత పెట్టి, లేచి ఫోను తీసి, షాపు యజమానురాలికి రేపు పొద్దున వస్తున్నానని చెప్పింది.

"రేపేమిటి?" అన్నాడాయన. "భృతి రాలేదు, మనిషిని కుదుర్చుకోలేదు."

"నీళ్ళూ భోజనమూ బల్ల మీద పెట్టి వెళతాను. పక్కింటావిడకు తాళం ఇస్తా, మధ్యలో ఒకసారి తొంగి చూస్తుంది. సాయంత్రం వచ్చాక ఈ ప్రశ్నలే మళ్ళీ అడుగుతా. అప్పుడు మీరేం చెబితే అదే రాస్తా."

ఆయన మొహం పాలిపోయింది. బల్ల మీదున్న ఎడంచెయ్యి ఆమె చెయ్యి కోసం వెతుక్కుంది.

"ఒక్కణ్ణీ ఎలా ఉంటానే?"

"ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారో అలాగే," అందామె.