ఆరు కిలోల ఇస్త్రీ పెట్టె

మా వదిన పెద్ద పెట్టె చెకిన్ కౌంటర్ దగ్గర సరిగ్గా ఇరవై మూడు కిలోలు తూగింది. అందులో ఇక సూది కూడా పట్టదు. మిగిలింది ఆమె భుజాన వేలాడుతున్న సంచి. దాంట్లో వాళ్ల నాన్నగారి ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఉంది. అదొక్కటే ఆరు కిలోలు.

"దాన్నీ లగేజీలో వేసేద్దాం వదినా. డబ్బు నేను కడతాను."

"అదనపు పెట్టెకి ఎంతట?"

కౌంటర్ అమ్మాయి చెప్పింది.

"బాగుంది! ముక్కు కంటే ముక్కుపుడకే బరువన్నట్టుంది. చంకలో బిడ్డలా ఎత్తుకొస్తాను. మధ్యలో మీకేం నొప్పి?"

నేను పర్సు తీసేలోపే ఆమె సంచి భుజాన సర్దుకుని ముందుకు నడిచింది.

వదిన నా భార్యకు అక్క. ముప్ఫై ఏళ్లు ఆ పరాయి దేశపు నగరంలో బట్టలు కుట్టి బతికింది. చూపు మందగించి కొట్టు మూసేస్తుంటే, సర్దించి వెంట తీసుకురావడానికి వెళ్లాను. ఆ ఇస్త్రీ పెట్టెను రెండేళ్ల కిందట ఆమెకు తీసుకెళ్లి ఇచ్చింది నేనూ నా భార్యా. "నాన్న పెట్టె అటక మీద ఊరికే పడి ఉంది, తెచ్చిపెట్టండి" అని వదినే అడిగింది. అప్పుడూ అదనపు లగేజీకి డబ్బు కట్టమన్నారు. దండగ అనుకున్నాను. చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కాం.

నా మోకాలికి అప్పుడే ఆపరేషన్ అయింది. సంచిని నా భార్య తన ముందు సీటు కిందికి తోసుకుంది. "నా కాళ్లు పొట్టివేగా, మీరు హాయిగా చాపుకోండి" అంది. పద్నాలుగు గంటలు మోకాళ్లు ముడుచుకునే కూర్చుంది. నేను రెండు సినిమాలు చూసి నిద్రపోయాను. దిగేటప్పుడు ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు. మూడో రోజు, వదిన ఇంట్లోనే పోయింది.

కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరిందన్నాడు డాక్టరు. నన్ను పక్కకు పిలిచి, "విమానంలో లేచి నడిచారా?" అని అడిగాడు. మెల్లగా అడిగాడు, పాపం. ఆ ప్రశ్న నేను వదినకు చెప్పలేదు. చెబితే కాళ్లకు అడ్డమేముందో కూడా చెప్పాలి. ఆమె మళ్లీ ఆ పెట్టెను ముట్టుకోగలదా?

విమానంలో సంచిని పై అరలో పెట్టబోతే ఎయిర్‌హోస్టెస్ ఆపింది.

"ఇంత బరువు పైన పెట్టనివ్వమమ్మా. జారితే ఎవరి తలో పగులుతుంది. ముందు సీటు కిందే పెట్టుకోండి."

వదిన దాన్ని పాదాలతో లోపలికి తోసుకుంటోంది. ఏళ్ల తరబడి మిషను తొక్కిన కాళ్లు, పిక్కల మీద నీలంగా ఉబ్బిన నరాలు. వంగి సంచి పట్టుకున్నాను.

"ఇలా ఇవ్వండి."

"మోకాలు బాగుచేయించుకుంది దీన్ని మొయ్యడానికా? వదలండి. అయ్యో, ఏమిటీ చిన్నపిల్లల లాగులాట!"

పక్క సీటాయన నవ్వాడు. నేను వదల్లేదు. సంచి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. వదిన కాళ్లు చాపుకుని, కాసేపు తన పాదాలనే చూసుకుంది.

"మరిదిగారూ, అప్పుడు దీన్ని ఎక్కడ పెట్టారు?"

ఈ ప్రశ్న కోసం రెండేళ్లుగా ఎన్ని జవాబులు కుట్టుకున్నానో! నోటికి ఒక్కటే వచ్చింది.

"పై అరలో."

అన్నాక తెలిసింది, ఆ అబద్ధం నిలవదని. రెండు వరుసల అవతల ఎయిర్‌హోస్టెస్ ఇంకెవరికో అదే చెబుతోంది, బరువైనవి పైన వద్దని.

వదిన సీటు బెల్టు తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"చెల్లికి చెప్పులు పట్టలేదంటే, దూరప్రయాణం కదా అనుకున్నాను" అంది. "వేడినీళ్లు పెట్టి కాళ్లు ముంచుకోమన్నాను."

"మీరు అడిగారని కాదు వదినా. డబ్బు దండగని నేనే..."

"ఊరుకోండి."

విమానం పైకి లేచింది. బెల్టు దీపం ఆరగానే ఆమె లేచి, సీట్ల మధ్య దారిలో ఆ కొసకీ ఈ కొసకీ నడవసాగింది. నా పక్క నుంచి వెళ్లేటప్పుడల్లా సంచిని చూసింది కానీ నన్ను చూడలేదు. నాలుగోసారి ఆగింది.

"లేవండి."

"నేనా? మోకాలు..."

"లేవండి మరిదిగారూ. మిమ్మల్ని కూడా సాగనంపే ఓపిక నాకు లేదు."

లేచాను. ముందు ఆమె, వెనక నేను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. కానీ నా కుంటి అడుగు వెనకబడినప్పుడల్లా, తన అడుగు తగ్గించుకుంది.