చూలు పందుల బంతిభోజనం

డాక్టర్ ముద్దుకృష్ణకు పందులంటే ప్రాణం. వాటి వాసన మాత్రం పడదు. అందుకే పెద్దపంజాణి దగ్గరున్న కంపెనీ ఫారానికి ఆయన మదనపల్లె నుంచి కారులో, అదీ పదకొండు దాటాకే వెళ్ళేవాడు. అప్పటికి పందులు దాణా తినడమూ అయ్యేది, షెడ్డు కడగడమూ అయ్యేది. సెంటు పూసిన చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మం దాటకుండానే ఒకసారి తొంగి చూసి, మళ్ళీ ఏసీలో కూర్చునేవాడు. దీన్ని ఆయన పర్యవేక్షణ అనేవాడు.

పర్యవేక్షించాల్సిన సంగతి చిన్నదేం కాదు. కంపెనీ కొత్తగా ఒక ఎంజైము పొడి తయారు చేసింది. దాణాలో కలిపితే తవుడూ సోయాపిండీ పందికి బాగా ఒంటబడతాయట. అమ్మకానికి పెట్టాలంటే ముందు అది చూలు పందులకు హాని చెయ్యదని నిరూపించాలి. అందుకని షెడ్డులో చూలు పందులను మూడు వరసలుగా కట్టేశారు. మొదటి వరసకు పొడి లేని దాణా, తెల్లమూట. రెండో వరసకు సరైన మోతాదు, నీలంమూట. మూడో వరసకు నూరు రెట్లు, ఎర్రమూట. నూరు రెట్లు మింగిన పంది కూడా ఏమీ మింగని పంది లాగే సుఖంగా ఈనితే పొడి భద్రమైనట్టు లెక్క. చివరికి రిపోర్టులో ఒకే ఒక్క వాక్యం రావాలి. ‘వరసల మధ్య తేడా ఏమీ కనిపించలేదు.’

ముద్దుకృష్ణ కుర్చీ ఆ వాక్యం మీదే ఉంది. కుప్పంలో కంపెనీ పెద్ద ల్యాబు కడుతోంది. కుప్పం ఆయన పుట్టిన ఊరు. ఈయన చదువు మొదలుపెట్టిన నాటి నుంచీ ‘పందుల డాక్టరు’ అని నవ్విన ఊరు కూడా. పొడి గట్టెక్కితే ఆయన ఆ ల్యాబుకు డైరెక్టరు. నవ్విన నోళ్ళన్నీ రేపు తమ పిల్లల ఉద్యోగాల కోసం గుమ్మంలో నిలబడతాయి. గట్టెక్కకపోతే మళ్ళీ ఇదే కారు, ఇదే చేతిరుమాలు. ఆయన ఆ రెండో సంగతి ఆలోచించేవాడు కాదు. తల వెనక్కి ఆనించుకునే నల్ల కుర్చీ ఒకటి చూసి, దాని ఫొటో ఫోనులో పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు భార్యకు కూడా చూపించేవాడు.

పందులకు దాణా పెట్టే పని నంజమ్మది. అంతకు ముందు ఆమె పుంగనూరులో వంటవాళ్ళ జట్టుతో పెళ్ళిళ్ళకు వడ్డన చేసేది. ఆ పనిలో ఆమెకు పెద్ద పేరు. ఎంత పెద్ద బంతి కూర్చున్నా సరే, మొదటి ఆకులో ఎంత పడిందో చివరి ఆకులోనూ అంతే పడేది. పెళ్ళికొడుకు మేనమామ కన్ను గీటినా, కసిరినా, రెండో ముక్క రాలేది కాదు. ఫారంలో చేరాక, పందులు ముట్టుకున్న చెయ్యి అని జట్టువాళ్ళు పిలవడం మానేశారు. మనుషులు వద్దన్న చెయ్యి పందులకు దొరికింది. వాటి అదృష్టం.

నెలలు గడిచాయి. పందులు ఈనాయి. లెక్కలు చూసిన ముద్దుకృష్ణకు కళ్ళు చెమర్చాయి. మూడు వరసల్లోనూ పిల్లలు ఒకే తీరు, తల్లులు ఒకే తీరు. కంపెనీతో సంబంధం లేకుండా పరీక్షను తూచి చూడటానికి బయటి నుంచి వచ్చిన డాక్టర్ పల్లవి ఆ కాగితాలను ఒకటికి రెండుసార్లు తిరగేసింది.

“ఇంత సమానంగా రావడం నేనెప్పుడూ చూడలేదు డాక్టర్ గారూ.”

“థాంక్యూ మేడం,” అన్నాడు ముద్దుకృష్ణ. ఆమె అన్నది మెచ్చుకోలు కాదేమో అన్న అనుమానం కూడా ఆయనకు రాలేదు. ఆనందంలో ఉన్న మనిషికి అనుమానాలు రావు మరి. ఆమె సంతకం చేసిన కాగితాన్ని మదనపల్లెలో ఘనంగా సభ పెట్టి అందరి ముందూ అందుకోవాలని కంపెనీ ఎండీ నిర్ణయించాడు.

సభకు ముందు రోజు ఎండీకి ఇంకో ఆలోచన తట్టింది. బ్యానరు మీద వేయడానికి, ఉదయపు ఎండలో కొత్తగా చూలు కట్టిన పందులు వరసగా మేస్తున్న ఫొటో కావాలన్నాడు. దాంతో ముద్దుకృష్ణ జీవితంలో మొదటిసారి దాణా వేళకు ఫారం చేరాడు.

నంజమ్మ సిమెంటు తొట్టి ముందు వంగి ఉంది. పరీక్షలో మిగిలిన తెల్లమూట తొట్టిలో పోసింది. నీలంమూట పోసింది. ఎర్రమూట కూడా విప్పి దాని మీదే కుమ్మరించి, నీళ్ళు చల్లి, మోచేతుల దాకా ముంచి కలపసాగింది. పేడ ఎత్తే అంజి పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డాడు.

ముద్దుకృష్ణ చేతిరుమాలు జారి కింద పడింది.

“ఏం చేస్తున్నావు నంజమ్మా?”

“కలుపుతాండాను సార్.”

“మూడు మూటలూనా?”

“మూడూనే. ఇడివిడిగా పెడితే బాగుంటాదా సార్?”

“ఎప్పటి నుంచి ఇలా?”

“మొదుట్నించీ ఇట్లనే. తొలి దినం మీరు సెప్పినట్లే పెట్టినా. ఎర్రమూట ఇప్పితే దోసెపిండి పులిసిన వాసన గుమ్మని కొట్టింది. అవతల తెల్లమూటవి మూతులెత్తి ఒగటే అరుపు. అన్నీ కడుపుతో ఉండాయి కదా సార్. కడుపుతో ఉండేదాని కండ్ల ముందర ఇంగొగదానికి పెట్టి, దీనికి ల్యాకుండా సేస్తే ఎవురికి మంచిది? పొడి కరీదని కొన్నిటికే పెడ్తాండారేమో అనుకున్నా. ఆ పాపం మీకు యాల అని నేనే సరి సేసినా.”

బోర్లించిన బకెట్టు ఒకటి కనిపిస్తే ముద్దుకృష్ణ దాని మీద కూలబడ్డాడు. ఆ ప్యాంటుతో అలాంటి చోట కూర్చోవడం ఆయనకు అదే మొదలు. పొడి తిననిది, తగినంత తిన్నది, మితిమీరి తిన్నది అని ఆయన మూడు వరసలుగా రాసుకున్న పందులు ఇన్ని నెలలూ ఒకే తొట్టిలో కలిపి ఒకే సత్తుబొచ్చెతో పెట్టిన దాణా తిన్నాయి. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఆయనకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేలలేదు. ఒక్క రోజైనా ఈ వేళకు వచ్చి ఉంటే అన్న మాట మనసులో మెదిలింది కానీ, ఆయన దాన్ని వెంటనే బయటికి తోసేశాడు. మళ్ళీ మొదలుపెడితే పందులు చూలు కట్టాలి, మొయ్యాలి, ఈనాలి. అప్పటి దాకా కుప్పం కుర్చీ ఖాళీగా ఉంటుందా? ఎవడో ఒకడు కూర్చోడూ?

“ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?”

“ఎవురడిగినారు సార్?”

“రేపు సభలో నీకు శాలువా కప్పిస్తాను. ఇది మాత్రం నోరు దాటకూడదు. నా బతుకు దీని మీద ఉంది.”

నంజమ్మ చేతులు కడుక్కుంది. ఆయన మొహం చూస్తే ఆమెకు జాలేసింది.

“సెప్పొద్దంటే సెప్పను. నాకు శాలువా వొద్దు సార్. ఒగటే మాట. పందుల పనోళ్ళని మమ్మల్ని యాడా బంతిలో కూసోనీరు. రేపు మీవాళ్ళ పక్కనే మావాళ్ళకీ ఆకేసి పెట్టండి. అంతే.”

“అంతేనా?” ముద్దుకృష్ణకు పోయిన ప్రాణం లేచొచ్చింది. “నా మాట. ఒకే బంతి.”

దారి పొడవునా ఆయన తన తెలివిని తానే మెచ్చుకున్నాడు. ఇంత పెద్ద గండం ఇంత సులువుగా దాటిన మనిషి ఎవరైనా ఉంటారా అనుకున్నాడు.

మర్నాడు మదనపల్లె హోటలు ముందు ఫారం పనివాళ్ళు ఆటోలు దిగారు. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకున్నారు. అంజి తలకు నూనె రాసి పాపిడి తీసుకున్నాడు. మెట్ల మీద నిలబడిన ఎండీ వాళ్ళను చూసి ముద్దుకృష్ణను పక్కకు పిలిచాడు.

“వీళ్ళను హాల్లోకి ఎందుకయ్యా? బెంగళూరు నుంచి డీలర్లు వచ్చారు. స్టేజీ మీదకి శాలువా కప్పే ఆ ఒక్కామె చాలు. మిగతావాళ్ళకు వెనక ప్యాకెట్లు ఇప్పించు.”

ముద్దుకృష్ణ నోరు తెరిచాడు. నల్ల కుర్చీ కళ్ళ ముందు మెదిలింది. నోరు మూసుకున్నాడు. హోటలు వెనక జనరేటరు పక్కన నీడ ఉందని, ప్యాకెట్టులోనూ అదే బిర్యానీ అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అంజి చేతికి ప్యాకెట్ల సంచీ ఇప్పిస్తున్నప్పుడు నంజమ్మ ఆయన వైపు చూసింది. ఆయన ఫోను చెవిలో పెట్టుకున్నాడు. అవతల ఎవరూ లేరు.

ప్యాకెట్లలోనూ న్యాయం లేదు. కొన్నింట్లో ముక్క ఉంది, కొన్నింట్లో గుడ్డు ఉంది, కొన్నింట్లో ఉత్త అన్నమే. నంజమ్మ ఒక్కొక్కటీ విప్పి చూసి, మళ్ళీ మూసి, తాను వచ్చేదాకా ఎవరూ తినొద్దని చెప్పి లోపలికి వెళ్ళింది.

సభలో ఉపన్యాసాలు అయ్యాయి. పల్లవి సంతకం చేసిన కాగితం ఒడిలో పెట్టుకుని వేదిక మీద కూర్చుంది. ముందు నంజమ్మకు శాలువా కప్పారు. డీలర్లు చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యానం చేస్తున్న అమ్మాయి, రెండు మాటలు చెప్పమని మైకు ఆమె చేతికిచ్చింది. ముద్దుకృష్ణ ముందు వరసలోంచి చేతులు జోడించాడు. చూసినవాళ్ళు వినయం అనుకున్నారు.

“నాకు మాట్లాడేది రాదు,” అంది నంజమ్మ. “వడ్డించేది వొచ్చు. బంతిలో కూసున్నోళ్ళకి ఒగరికి ఎక్కువ, ఒగరికి తక్కువ నేను ఎప్పుడూ పెట్టలేదు. పందులకీ అంతే. తెల్లమూట, నీలంమూట, ఎర్రమూట, మూడూ ఒగే తొట్లో పోసి కలిపి, ఒగే బొచ్చెతో పెట్టినా. ఈ సంగతి డాక్టరు సారుకు నిన్ననే తెలుసు. సెప్పొద్దన్నాడు. సెప్పనని నేనూ మాటిచ్చినా. సారు ఇచ్చిన మాట ఆ జనరేటరు పక్కన పెట్టినాడు. అందుకని నా మాట నేను ఈడ పెడ్తాండాను.”

మైకును బల్ల మీద పెట్టింది. శాలువా మడిచి దాని పక్కన పెట్టింది. డీలర్లలో కొందరు ఇది కూడా పొగడ్తే అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

పల్లవి కొట్టలేదు. “ఏ వరసకూ విడిగా పెట్టలేదా అమ్మా?” అని అడిగింది.

“అన్నిటికీ సమానమేనమ్మా.”

ఎండీ నవ్వడానికి ప్రయత్నించాడు. “అయితే ఏముంది మేడం, అన్నీ బాగానే ఈనాయి కదా.”

“దేనితో పోల్చి బాగున్నాయంటాం సార్? పొడి తినని పంది ఒక్కటి చూపించండి.” ఆమె ఒడిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “మీ పొడి మంచిదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. దీన్నిబట్టి చెప్పలేం. మళ్ళీ మొదటి నుంచి చెయ్యండి. ఈసారి వడ్డన మీరు దగ్గరుండి చూసుకోండి డాక్టర్ గారూ.”

అంతటితో సభ ముగిసింది. అందరూ భోజనాల హాల్లోకి కదిలారు. ముద్దుకృష్ణ కూడా కదిలాడు. గుమ్మంలో ఎండీ చెయ్యి అడ్డం పెట్టి, ఆయన మొహం చూడకుండానే, “నువ్వు రాకు,” అన్నాడు. కుర్చీ సంగతి అడగాల్సిన అవసరం ఇక లేదు. ముద్దుకృష్ణకు ఏడుపొచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినని కడుపు ఆ ఏడుపుతో సంబంధం లేకుండా తన గోల తాను చేసింది.

ఆయన వెనక దారిన బయటపడ్డాడు. జనరేటరు పక్కన ఫారం వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ముందు విస్తరాకులు ఉన్నాయి. హోటలు వంటవాళ్ళను అడిగి తెచ్చిన పెద్ద బేసినులో నంజమ్మ ప్యాకెట్లన్నీ కుమ్మరించింది. ముక్కలు తుంచి, గుడ్లు చిదిమి, అంతా ఒకటిగా కలుపుతోంది. ఆయన తప్పుకుని పోబోయాడు.

“తిన్న్యారా సార్?”

“లేదు.”

“నా మింద కోపంగా ఉండాదా?”

“ఉంది.”

“ఉండనీండి. కోపం కూటి మింద యాల? అంజీ, జరుగప్పా. సారుకు ఆకెయ్యి.”

అంజి జరిగాడు. ముద్దుకృష్ణ ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద కూర్చున్నాడు. చేతిరుమాలు కోసం జేబులో వెతికాడు. అది నిన్న తొట్టి దగ్గరే పోయింది. నంజమ్మ బేసిను చంకన పెట్టుకుని ఆ చివరి నుంచి వడ్డించుకుంటూ వచ్చింది, ఎవరి మొహమూ చూడకుండా, ఒకే గరిటెతో.

అన్నం పడింది. ముద్దుకృష్ణ తన ఆకు చూసుకున్నాడు, పక్కనున్న అంజి ఆకు చూశాడు. చదువుకున్న మనిషి, అలవాటు ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఒకసారి జాగ్రత్తగా పోల్చి చూశాడు.

తేడా ఏమీ కనిపించలేదు.