కురవని మిద్దె

మా మోలాకి, అంటే మా నాయనమ్మకి, ఏదడిగినా ముందు వద్దనడం అలవాటు. ఉప్పుచాయి వద్దంటుంది, మోమోలు వద్దంటుంది. మూడోసారి అడిగితే తింటుంది. మా టిబెటన్లలో పెద్దవాళ్ళంతా అంతే. టొరంటోలో పుట్టిన ల్హాకీకి ఈ సంగతి ఎవరూ నేర్పినట్టు లేదు. టిబెట్ నుంచి వచ్చిన పెద్దల జ్ఞాపకాలు రికార్డు చేయమని యూనివర్సిటీ పంపితే మా ఇంటికొచ్చింది.

"నా దగ్గరేముందే తల్లీ చెప్పడానికి? చదువు లేని మొద్దుని. రెండో అంతస్తులో మాజీ గుమాస్తాగారున్నారు, ఆయన్నడుగు," అంది మోలా.

ల్హాకీ థాంక్స్ చెప్పి మైకు సంచిలో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది. ఈవిడ నోరు విప్పితే విందామని నేను పుట్టినప్పట్నుంచీ కాచుకుని ఉన్నాను.

"కూర్చో. ఒక్కసారి వద్దంటే లేచిపోవడమేనా? మళ్ళీ అడుగు," అన్నాను.

అడిగింది. మోలా మళ్ళీ వద్దంది. మూడోసారికి, "సరే, నీ ఖర్మ," అని పమిట సర్దినట్టు నడుముకి కట్టుకున్న చారల పంగ్దెన్ సర్దుకుంది.

"మీ పేరు, వృత్తి చెప్పండి మోలా."

"పేమా చోజోమ్. వృత్తేముంది, శరణార్థి అని పెట్టుకో."

కొండలు దాటిన రోజుల గురించి అడిగితే "చలి" అని ఊరుకుంది. ఇంకేం అడిగినా జపమాల తిప్పుతూ కూర్చుంది. అంతలో మా సీలింగ్ నుంచి ఓ చుక్క బకెట్లో పడింది.

"ఎన్నాళ్ళుగా కురుస్తోంది?" ల్హాకీ ఊరికే అడిగింది.

"వీళ్ళకి కప్పు వెయ్యడం చేతనైతేగా," అని మోలా అందుకుంది. "చిన్నప్పుడు మా ఊరి గొంపా మఠానికి మిద్దె దంచాను నేను. మట్టి పోసి, నీళ్ళు చల్లి, రాయి కట్టిన కర్రలతో ఆడవాళ్ళమంతా వరసగా దంచాలి. పాట ఆగితే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే మిద్దె పగులుతుంది. పాట ఎత్తుకునేది ఎవరనుకున్నావు?"

లేచి తుడుపుకర్ర అందుకుంది. నేల మీద దంచుతూ పాడింది. ఆ గొంతు ఇన్నేళ్ళు మా ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. గర్వంతో ఏడుపొచ్చింది. కిందివాళ్ళు విసుక్కుని తమ సీలింగ్ మీద టకటకా కొట్టారు.

"వాళ్ళకి తాళం బాగానే తెలుసు," అంది మోలా, ఇంకా గట్టిగా దంచుతూ.

చివరికి ఆయాసపడుతూ కూర్చుంది.

"ఆ మిద్దె ఎప్పుడైనా కురిసిందా?" అడిగాను.

"నేనున్నన్నాళ్ళూ చుక్క రాలలేదు." ల్హాకీ వైపు తిరిగింది. "అమ్మాయ్, ఇందాక శరణార్థి అన్నాను చూడు, అది తీసెయ్. మిద్దె దంచిన మనిషి అని పెట్టు."

"నిజంగా మార్చమంటారా మోలా?"

"దీనికి మూడుసార్లు అడగక్కర్లేదు."