దుమ్ము తగలని మనిషి

ఓబులమ్మ సంచిని లోపలి వైపు బయటికి తిరగేసి, రెండు చేతులా ఎత్తి వాకిటి బండమీద కొట్టింది. తెల్లటి పొడి లేచింది. కొంగు పళ్లతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని మళ్లీ కొట్టింది. దులిపిన సంచిని ఎండకేసి పట్టి చూస్తే చినుగు ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కడ దబ్బనం దిగుతుంది.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఇదే బండమీద శెనక్కాయ చెట్లు కొట్టి కాయలు రాల్చేది. వానలు ముఖం చాటేశాక చేలు బీడు పడ్డాయి. ఊరి బయట పలుగురాయిని పొడి చేసే మిల్లు లేచింది. మగవాళ్లు మిల్లులోకి పోయారు. పొడి మోసి ఖాళీ అయిన సంచులు దులిపి కుట్టడానికి ఇళ్లకు వచ్చాయి.

ఈ మధ్య రెండు సంచులకోసారి ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తోంది. వయసు మీద పడిందనుకుంటోంది. యాభై కూడా నిండలేదు.

లోపలి నుంచి మొగుడు తిప్పయ్య పిలిచాడు. "ఏమ్మే, రక్తం తీసిన పాప జీపొచ్చినట్టుండాది."

"వస్తాండా. నువ్వు మెల్లగా నడువు. నీతోపాటు నీ దగ్గు గూడా రావల్ల గదా."

తిప్పయ్య నవ్వబోయి దగ్గాడు. అతను మిల్లులో జల్లెడ దగ్గర పనిచేస్తాడు. టీబీ మందులు రెండుసార్లు పూర్తిగా మింగాడు. దగ్గు పోలేదు. అదంతా బీడీల వల్లేనన్నాడు మిల్లు సూపర్‌వైజర్ హరినాథ్. తిప్పయ్య పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టలేదు.

పోయిన ఎండాకాలం అనంతపురం నుంచి రేఖ అనే అమ్మాయి పరిశోధనకని వచ్చి మిల్లు మనుషుల రక్తం తీసుకుంది. సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే, ఇనుము తుప్పు పట్టినట్టు లోపలి కండ పాడవుతుందని, ఆ తుప్పు ఆనవాళ్లు రక్తంలో ఎంతున్నాయో కొలవవచ్చని చెప్పింది. జబ్బు దుమ్ముదేనని తేలితే తిప్పయ్యను జల్లెడ దగ్గర నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టక తప్పదు. ఓబులమ్మకు కావలసింది అంతే. పోల్చి చూడడానికి దుమ్ము తగలని మనుషులు కూడా కావాలంటే అందరికన్నా ముందు ఆమే చెయ్యి చాచింది. ఆమె వెనక ఇంకో నలుగురు, అందరూ మిల్లు మనుషుల భార్యలే. మీరేం పని చేస్తారని రేఖ అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "ఏం పనీ ల్యాదమ్మా. ఇంట్లోనే ఉంటాం."

ఇప్పుడు బడి వరండాలో రేఖ ఆ రక్త పరీక్షల కాగితాలు ముందేసుకుని కూర్చుంది. స్తంభానికి ఆనుకుని హరినాథ్ నిలబడి ఉన్నాడు.

"తిప్పయ్యన్నా, నీ రక్తంలో ఆ తుప్పు బాగా ఎక్కువుంది," అంది రేఖ.

జబ్బు ఎక్కువుందంటే సంతోషపడిన మనిషి ఆ వరండాలో ఓబులమ్మ ఒక్కతే.

"కానీ అక్కా, నీదీ అంతే ఉంది. మీ ఐదుగురిదీ అంతే. మిల్లు వాళ్లకూ మీకూ తేడా లేకుంటే దుమ్ము వల్లేనని నేనెట్లా రాయాలి? నువ్వెప్పుడన్నా మిల్లులో పనిచేశావా?"

"యాడమ్మా. గేటు గూడా తొక్కలేదు."

హరినాథ్ గట్టిగా నవ్వాడు. "చూస్తిరా మేడం? మిల్లు మొగమే చూడని ఆడోళ్లకూ అంతే ఉండాది. ఈ ఊరి నీళ్లే అట్లాంటివి. ఊరికే మా ఓనర్ మీద పడితిరి."

ఓబులమ్మ తల దించుకుంది. ఒడిలో పెట్టుకున్న చేతులు కనిపించాయి. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో తెల్లటి పొడి. ఎంత కడిగినా పోనిది. ఆమె నోరు తెరిచింది. హరినాథ్ ఆమెనే చూస్తున్నాడు.

"రేపు ఇంకో కట్ట పంపిస్తాలేక్కా," అన్నాడు. "నీ మాదిరి ఎవురూ కుట్టలేరు."

తెరిచిన నోరు మూసుకుంది. తిప్పయ్య లేవలేని రోజుల్లో పొయ్యి వెలిగేది ఆ సంచులతోనే. రేఖ ఎక్కిన జీపు విడపనకల్లు వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పనికి పోయే ముందు తిప్పయ్య సంగటి తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"ఆ పాపకు సంచుల సంగతి చెప్పల్ల."

"చెప్తే సంచులు పోతాయి."

"పోనీ. నువ్వు జల్లెడ కాడ్నించి బయటపడతావు."

తిప్పయ్య ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. "ఇన్నేండ్లూ అది పనే గాదంటివి గదే."

"నేనూ కాదనే అనుకుంటి."

జీపు సాయంత్రం ఈ దారినే అనంతపురం తిరిగి పోవాలి. ఓబులమ్మ ఇంకా దులపని సంచి ఒకటి చంకన పెట్టుకుని రోడ్డుకు వచ్చింది. మాటలు తడబడినా ఆ అమ్మాయి కళ్లతో చూస్తుంది కదా. నాలుగడుగులకోసారి నిలబడుతూ వచ్చి మైలురాయి పక్కన చతికిలబడింది. చెప్పవలసింది మనసులోనే అల్లుకుంది. అబద్ధం చెప్పలేదమ్మా, అది పనని తెలియక చెప్పలేదు.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. సంచి మూతి దగ్గర చిన్న చినుగు కనిపించింది. జడలో గుచ్చుకున్న దబ్బనం తీసింది. ఒక కుట్టు వేసి ఊపిరి కోసం ఆగింది. ఇంకో కుట్టు వేసి ఆగింది. పొద్దు వంగుతుండగా దూరంగా దుమ్ము లేచింది. లేవాలనుకుంది.

జీపు ఆగలేదు. రేఖ ఒడిలోని కాగితాలు చూసుకుంటోంది. డ్రైవర్ చూశాడు కానీ, ఒడిలో సంచి పెట్టుకుని తల వంచుకున్న ఆడమనిషి ఆ ఊళ్లో ప్రతి వాకిట్లోనూ కనిపించేదే.

మిల్లు విడిచి వస్తున్న తిప్పయ్య, జీపు వచ్చిందా అని అడుగుతూ భుజం మీద చెయ్యి వేశాడు. ఓబులమ్మ పక్కకు ఒరిగింది.

దినాలు కాకముందే ఆమె వాకిట్లోని సంచుల కట్టలు పక్కింటి వాకిట్లోకి మారాయి. ఆ ఒక్క సంచి మాత్రం ఎవరూ అడగలేదు. అది తిప్పయ్య ఇంట్లో కొయ్యకు వేలాడుతోంది, దులపకుండా, సగం కుట్టులో దబ్బనం గుచ్చింది గుచ్చినట్టే.