సుందర్ రాజ్ సాక్ష్యం

సుందర్ రాజ్ అందగాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, పిస్కాటవే తెలుగు చర్చిలో అందరికీ తెలుసు. బాపట్లలో చదువుకునే రోజుల నుంచీ పాటల బృందంలో ముందు వరస ఆయనదే. న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో కుదురుకున్నాక కూడా, ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ మడత నలగని చొక్కాతో మైకు ముందు నిలబడేది ఆయనే. నలభై రెండో ఏట ఎడమ కంటి పక్కన గోరంత తెల్ల మచ్చ కనిపించింది. ఏడాది తిరిగేసరికి అది రెండు కళ్ళ చుట్టూ, పెదవుల మూలల్లో, చేతివేళ్ళ మీద పాకింది.

బొల్లి అంటుకునే జబ్బు కాదని చర్చిలో అందరికీ తెలుసు. అయినా వందనాలు చెప్పి చెయ్యి కలిపేటప్పుడు వాళ్ళ చూపు ఒక్క క్షణం ఆ వేళ్ళ మీద ఆగేది. ఆ ఒక్క క్షణాన్ని ఆయన భరించలేకపోయాడు. పాట మానేసి, హాలు వెనక సౌండ్ మిక్సర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. భార్య షారన్ ముఖానికి రాసుకునే క్రీమ్ ఆమె కంటే ఆయనే ఎక్కువ వాడాడు.

షారన్ పట్టుబట్టి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పెద్దావిడ, నిదానంగా మాట్లాడే మనిషి. వారానికి మూడుసార్లు క్లినిక్‌కి వచ్చి లైటు పెట్టించుకోవాలి, ఏడాది పట్టొచ్చు, పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను అంది. ఇన్సూరెన్స్ వాళ్ళేమో ఇది అందం కోసం చేయించుకునే పని అంటూ రెండుసార్లు తిప్పికొట్టారు. ఇండియాలో ఒక టాబ్లెట్ ఇస్తారు కదా, అది మింగి ఎండలో నిలబడితే మచ్చలకి రంగు వస్తుందంటారు, దాని సంగతేమిటని సుందర్ రాజ్ అడిగాడు. డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ చర్మం వెలుతురుని తట్టుకోలేదనీ, దాన్ని మింగి టానింగ్ బెడ్‌లోకి మాత్రం ఎప్పుడూ వెళ్ళొద్దనీ, ఒళ్ళు ఉడికిపోతుందనీ చెప్పింది. షారన్ పక్క కుర్చీలోనే ఉంది. ఆయన తల ఊపాడు.

అదే చర్చికి వచ్చే మోజెస్ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు పోయాక, రెండువేల తొమ్మిదిలో ఒక టానింగ్ సెలూన్ కొన్నాడు. తెల్లవాళ్ళు ఒంటికి గోధుమరంగు తెచ్చుకోవడానికి టానింగ్ బెడ్ అనే మూతపెట్టెలో, నీలం ట్యూబ్‌లైట్ల మధ్య పడుకునే చోటు అది. ఒక శనివారం సుందర్ రాజ్ ఊరికే చూసిపోదామని వెళ్ళాడు.

"మగాళ్ళు కూడా వస్తారా ఇక్కడికి?" అని అడిగాడు.

"సగం మంది వాళ్ళే అన్నా. జిమ్ నుంచి డైరెక్ట్‌గా వచ్చేస్తారు. మనకి నలుపు నామోషీ, వాళ్ళకి తెలుపు నామోషీ."

"నువ్వెప్పుడైనా ట్రై చేశావా?"

"నాకెందుకన్నా, నేను పుట్టుకతోనే టాన్ అయి వచ్చాను," అని మోజెస్ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ మచ్చలకి మాత్రం ఇది పనికొస్తుంది. డాక్టర్ దగ్గరుండే లైటూ ఇదీ ఒకటే. వాళ్ళు తెల్లకోటు వేసుకుని పెడతారు, అంతే తేడా," అన్నాడు.

సుందర్ రాజ్ నెలరోజులు తిరిగాడు, షారన్‌కి జిమ్ అని చెప్పి. మచ్చలు అలాగే ఉండిపోయాయి. వాటి చుట్టూ ఉన్న చర్మం మాత్రం నల్లబడింది. దాంతో ముందు మసకగా ఉన్నవి కాస్తా సున్నం పూసినట్టు బయటపడ్డాయి. ఈస్టర్ మూడు వారాల్లో ఉంది. ఆ రోజు పాడమని పాస్టరు గారు స్వయంగా అడిగారు. అద్దంలో ఆ ముఖం చూసుకుంటూ సుందర్ రాజ్, డాక్టరు పెన్ను పక్కన పెట్టి చెప్పిన మాటని మెల్లగా అరగదీసుకున్నాడు. డాక్టర్లు అన్నిటికీ భయపెడతారు. తక్కువసేపు పడుకుంటే ఏమవుతుంది. విజయవాడ నుంచి వస్తున్న కొలీగ్‌తో టాబ్లెట్లు తెప్పించుకుని మోజెస్‌కి ఈమెయిల్ పెట్టాడు: మచ్చలకి టాబ్లెట్ ఒకటి తెప్పించాను, వేసుకుని వస్తే పర్లేదా?

పది నిమిషాల్లో జవాబు వచ్చింది: సూపర్ అన్నా, ఇంకా ఫాస్ట్‌గా పనిచేస్తుంది. పన్నెండు నిమిషాలు పెడదాం.

శుక్రవారం సాయంత్రం టాబ్లెట్లు వేసుకుని, రెండు గంటలు ఆగి వెళ్ళాడు. కౌంటర్ దగ్గర ఎప్పుడూ నింపే ఫారం ఒకటి ఉంది. మందులేమైనా వాడుతున్నారా అన్న ప్రశ్నకి మోజెస్ తనే 'నో' అని టిక్కు పెట్టి, "ఊరికే ఫార్మాలిటీ," అంటూ పెన్ను అందించాడు. ఆఫీసులో రోజుకి వంద కాగితాలు చదివి, ఒక్క తేదీ తప్పుంటే వెనక్కి పంపే మనిషి ఆ కాగితాన్ని చదివే సంతకం పెట్టాడు.

శనివారం ఒళ్ళు ఎర్రబడింది. ఆదివారం ఉదయానికి ముఖం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. వీపు మీద, ఛాతీ మీద బొబ్బలు లేచాయి. చొక్కా తగిలితే అరిచాడు. షారన్ తడి దుప్పటి కప్పి ఎమర్జెన్సీకి డ్రైవ్ చేసింది. కాలిన గాయాల వార్డులో పన్నెండు రోజులున్నాడు. కట్లు మార్చినప్పుడల్లా పైపొర గుడ్డతోపాటు ఊడి వచ్చేది. నర్సులు మందు ఇచ్చి కాసేపు ఆగి మొదలుపెట్టేవారు. ఆ ఆగిన కాసేపే అన్నిటికంటే కష్టం.

ఈస్టర్ ఆసుపత్రిలోనే గడిచిపోయింది.

చర్చిలో ఆరాధనని సీడీ మీద రికార్డు చేసి, రాలేకపోయిన వాళ్ళకి పంపడం అలవాటు. ఇంటికి వచ్చాక సుందర్ రాజ్ ఈస్టర్ సీడీ పెట్టుకుని విన్నాడు. ప్రార్థన మనవుల దగ్గర మోజెస్ గొంతు వినిపించింది.

"బ్రదర్ సుందర్ రాజ్ కోసం ప్రార్థన చేయండి. దేవుడిచ్చిన రూపం చాలదనుకున్నాడు. నాతో ఒక్క మాట చెప్పకుండా ఏవో మందులు మింగి మా షాపుకి వచ్చాడు. తెలిస్తే నేను రానిచ్చేవాణ్ణా? మగవాడికి కూడా సౌందర్య వ్యామోహం ఉంటుందని మనకిదొక పాఠం. ఆయన్ని దేవుడు క్షమించాలి."

హాలంతా ఆమెన్ అంది.

వీపు కాలినప్పుడు కూడా సుందర్ రాజ్‌కి మోజెస్ మీద కోపం రాలేదు. ఆ ఆమెన్ విన్నాక వచ్చింది. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. మర్నాడూ విన్నాడు. ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ సీడీని కార్‌లో పెట్టుకున్నాడు. రూట్ ఇరవై ఏడు మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా మోజెస్ ఆయన కోసం ప్రార్థించేవాడు. ఏ మాట దగ్గర గొంతు వణికించాడో, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో అంతా కంఠతా వచ్చేసింది. కోపం ఎక్కడ కాస్త చల్లబడుతుందోనని భయపడి వింటున్నట్టు ఉండేది.

"ఆ ఈమెయిల్ పాస్టర్ గారికి చూపించు, అయిపోతుంది," అంది షారన్.

"ఆయన ఒక్కడూ చూస్తే ఎలా? వాడు నా మాట నలుగురిలో తీశాడు. నేనూ నలుగురిలోనే చెప్తాను."

సెప్టెంబరులో సంఘ పెద్దల ఎన్నిక ఉంది. మోజెస్ పేరు ప్రతిపాదించారు. సుందర్ రాజ్ ఐదు నెలలు ఎదురుచూశాడు. ఆ ఐదు నెలలూ చర్చిలో మోజెస్ ఎదురైతే వందనాలు చెప్పాడు, "ఎలా ఉందన్నా ఇప్పుడు?" అంటే "దేవుడి దయ," అన్నాడు. లూసీ, అంటే మోజెస్ భార్య, వండి పంపిన కూరలు తిని గిన్నెలు కడిగి పంపించాడు. కాలిన చోట చర్మం నిగనిగలాడుతూ, మునుపటికంటే రెండింతలు తెల్లబడింది. ఇప్పుడు క్రీమ్ రాయడం మానేశాడు. ఆ ముఖం అందరూ చూడాలని ఆయన కోరిక.

ఎన్నిక రోజున, ఎవరైనా లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, సుందర్ రాజ్ లేచి ముందుకు నడిచాడు. ఏడాదిన్నర తర్వాత ఆయన మైకు ముందుకి రావడం చూసి కొందరు చప్పట్లు కొట్టారు. జేబులోంచి కాగితం తీసి, ఈమెయిల్ తేదీతో సహా చదివాడు. తను అడిగింది చదివాడు. మోజెస్ జవాబు చదివాడు. తర్వాత సీడీలో మోజెస్ చేసిన ప్రార్థనని ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు, గొంతు వణికిన చోట వణికిస్తూ.

ఎవరూ ఆమెన్ అనలేదు. మోజెస్ కుర్చీలో ముందుకి వంగి, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. సుందర్ రాజ్ ఆ వంగిన మెడని తనివితీరా చూశాడు. ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసుకున్నంత హాయిగా అనిపించింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి లూసీ లేచింది. ఆమె గొంతు పెద్దది కాదు, అయినా హాలు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

"అన్నయ్యా, మా ఆయన చేసింది తప్పే. ఒక్కటి అడుగుతాను. టాబ్లెట్ వేసుకుని బెడ్‌లోకి వెళ్ళొద్దని డాక్టర్ మీకు చెప్పలేదా?"

షారన్ మూడో వరసలో కూర్చుని ఉంది. సుందర్ రాజ్ ఆమె వైపు చూడలేదు.

"చెప్పలేదు," అన్నాడు. "చెప్పి ఉంటే నేను వెళ్ళేవాణ్ణా?"

లూసీ ఇంకేమీ అనకుండా కూర్చుంది. మోజెస్‌కి నాలుగే ఓట్లు వచ్చాయి.

అంతటితో సుందర్ రాజ్ ఆగలేదు. ఆ ఈమెయిల్, ఫారం కాపీ, ఆసుపత్రి కాగితాలు వరసగా పేర్చి, ఆఫీసులో రిపోర్టు తయారుచేసినంత శుభ్రంగా తయారుచేసి, సెలూన్ల మీద అజమాయిషీ చేసే ఆఫీసుకి పంపాడు. ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. తలుపు మీద నోటీసు పడింది. చర్చిలో వాళ్ళు మోజెస్‌ని పలకరించడం తగ్గించారు. తర్వాత ఆ కుటుంబమే రావడం మానేసింది. నవంబరులో బెడ్లు అమ్మేశారని తెలిసి, సుందర్ రాజ్ లంచ్ టైమ్‌లో కార్ తీసుకుని వెళ్ళాడు. ఎదుటి పార్కింగ్‌లో కూర్చుని, ఆ పెట్టెలు ఒక్కొక్కటే ట్రక్కులోకి ఎక్కడం చూశాడు. చివరిదానికి మోజెస్ కూడా భుజం పట్టాడు. అది ఎక్కేదాకా ఉండి, ఆకలేసి, పక్క షాపులో శాండ్‌విచ్ కొనుక్కుని తిన్నాడు. చాలా రుచిగా ఉంది.

వారం తర్వాత పాస్టరు గారు ఫోన్ చేశారు. ఖాళీగా ఉన్న సంఘ పెద్ద స్థానానికి సుందర్ రాజ్ పేరే అందరూ అంటున్నారని, ఇంత బాధపడీ నిజం పక్కన నిలబడ్డారని అన్నారు. ఆలోచించి చెప్తానని సుందర్ రాజ్ ఫోన్ పెట్టేశాడు. ముఖం వెలిగిపోతోంది.

షారన్ వంటింట్లో పప్పు కడుగుతోంది. చేతులు తుడుచుకోకుండానే వచ్చింది.

"ఆ రోజు నేనూ ఆ రూమ్‌లోనే ఉన్నాను," అంది.

"ఏ రూమ్?"

"డాక్టర్ రూమ్. ఆవిడ చెప్పింది నేను విన్నాను. నువ్వూ విన్నావు."

"వాడు అబద్ధం ఆడలేదా?"

"ఆడాడు. నువ్వు వాణ్ణి ఏం చేసినా నేను అడ్డు రాలేదు. చెయ్యాల్సిందే అనుకున్నాను. కానీ లూసీ నిన్ను అడిగినప్పుడు నువ్వు అబద్ధమాడక్కర్లేదు. అప్పటికే నువ్వు గెలిచావు."

ఆయన సోఫాలో కూర్చున్నాడు. మోజెస్ మీద జాలి పుడుతుందేమోనని వెతుక్కున్నాడు, దొరకలేదు. కానీ లూసీ పంపిన కూరలు తిని లూసీకే అబద్ధం చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఫోన్ తీసి ఆమెకి చేశాడు.

"లూసీ, డాక్టర్ నాకు చెప్పింది," అన్నాడు, వందనాలు కూడా చెప్పకుండా.

"నాకు తెలుసు అన్నయ్యా. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు షారన్ వదిన ఏడుస్తూ నాకు చెప్పింది."

"తెలిసీ అంతమందిలో ఎందుకు అడిగావు?"

"మీరు నిజం చెప్తారేమోనని. తప్పు ఇద్దరిదీ అని జనానికి తెలిస్తే, మేం ఈ ఊళ్ళో ఉండగలిగేవాళ్ళం."

"మరి నేను అబద్ధం చెప్పినప్పుడు నువ్వెందుకు ఊరుకున్నావు?"

"మా ఆయన మీ మీద ఆ ప్రార్థన చేసిన రోజు కూడా నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ ఊరుకున్నాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? మేం మోరిస్‌విల్ వెళ్ళిపోతున్నాం. అక్కడ ఆయనకి జాబ్ వచ్చింది. మీరు ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యొద్దు అన్నయ్యా."

ఆదివారం సాక్ష్యాల సమయంలో సుందర్ రాజ్ మళ్ళీ లేచాడు. ఈసారి కాగితం లేదు. మైకు దాకా వెళ్ళలేదు, కుర్చీ వెనక్కి పట్టుకుని ఉన్నచోటే నిలబడ్డాడు.

"డాక్టర్ నాకు ముందే చెప్పింది. పాడేటప్పుడు ముఖం బాగుండాలని నేను వినలేదు. లూసీ అడిగితే ఇక్కడే అబద్ధం చెప్పాను. మోజెస్ నా మీద ఆడిన అబద్ధాన్ని నేను క్షమించలేదు, క్షమించానని చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. కాబట్టి పెద్దల ఎన్నికలోంచి నా పేరు తీసెయ్యండి."

కూర్చున్నాడు. పాస్టరు గారు బైబిలు తెరిచి, మూసి, పెద్దల ఎన్నిక కొత్త సంవత్సరానికి వాయిదా వేస్తున్నామని ప్రకటించారు.