గ్లైడర్ దిగిన నీడ

మదనపల్లె దగ్గర అంగళ్లు ఊరు దాటాక ఉన్న మైదానంలో వాణి రోజూ పొద్దున చేసే పనులు రెండే. గ్లైడర్ రెక్కలు తుడిపించడం, ఆ రోజు ఎవరు ముందు ఎగరాలో బోర్డు మీద రాయడం. ఇంజను లేని విమానం అది. పొడవాటి తాడుతో లాగి పైకి వదిలితే, టికెట్టు కొన్నవాళ్లను గాలిమీద తేల్చి కొండల చుట్టూ తిప్పి తెస్తుంది. పైలట్లు ఇద్దరు, నెహెమ్యా, షైనీ. పదిగంటల ఎండకు వాళ్లలో ఒకరి నీడ కాళ్ల దగ్గర విడివడి, నడుచుకుంటూ పోయి గ్లైడర్ సీట్లో కూర్చుంటుంది. వాణి ఆ పేరే ముందు రాస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఎగురుతున్న నెహెమ్యా నీడే దాదాపు రోజూ ముందు పోయేది.

ఆ శనివారం పడమట మబ్బు లేచింది. ఒక్క ఫ్లైటుకు మించి వీలుకాదు. షైనీ లైసెన్సు గడువు ఆ సాయంత్రానికి ముగుస్తుంది. రెన్యువలుకు ఇంకొక్క ఫ్లైటు తక్కువ. నెహెమ్యా ఏమో భార్య మేరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ గ్లైడర్ ఎక్కలేదు. ఆ రోజు వాళ్ల పెళ్లిరోజు.

"ఈపొద్దు నన్నే పంపల్లమ్మా," అన్నాడు. అప్పటికే ఆయన నీడ సీట్లో ఉంది.

వాణి వాళ్లకు వీపు తిప్పి షైనీ పేరు ముందు, నెహెమ్యా పేరు కింద రాసింది. తన చెయ్యి చేసిన పనికి తనే నిర్ఘాంతపోయింది. వెనక్కి తిరిగేసరికి, నెహెమ్యా నీడ గ్లైడర్ దిగొచ్చి గడ్డిమీద వెల్లకిలా పడుకుంది.

"నీ నీడ దిగేసింది గదన్నా," అంది, దొరికిన సాకును గట్టిగా పట్టుకుని.

"నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల కోసరం నన్ను ఆపుతాండావా? మేరమ్మ ముందర?"

షైనీ తలెత్తకుండా పోయి బెల్టు కట్టుకుంది. తాడు బిగిసి గ్లైడర్‌ను లాగింది. గ్లైడర్ లేచింది. దాన్నే చూస్తూ నెహెమ్యా రెండడుగులు వేసి, నీడ పడుకున్న చోటే కుప్పకూలాడు.

మేరమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోసి మోకాళ్లమీద కూర్చుని, రెండు చేతులతో ఆయన రొమ్ము అదమసాగింది. "కారు తీయండప్పా!" అని అరిచింది గానీ చేతులు ఆపలేదు.

మదనపల్లె ఆస్పత్రిలో మూడోరోజుకు నెహెమ్యా మాట్లాడగలిగాడు. ఇక ఎగరకూడదని డాక్టరు చెప్పేశాడు.

"పైన ఉండింటే ఇద్దరమూ పోయుంటాము. నీడను సూసి ఆపినావు సూడు, అదే మమ్మల్ని కాపాడింది," అన్నాడు వాణితో.

వాణి తల అడ్డంగా ఊపింది. "నీడను సూసి కాదన్నా. అది దిగకముందే రాసేసినా. షైనీ లైసెన్సు పోతాదని."

బత్తాయి ఒలుస్తున్న మేరమ్మ చేతులు ఆగిపోయాయి.

నెహెమ్యా వాణినే చూస్తూ అడిగాడు. "ఆ పిల్లకు రెన్యువల్ అయిందా?"

"అయిందన్నా."

"అయితే బోర్డు మీద నా పేరు చెరిపెయ్. నువ్వే చెరపల్ల, ఇంకెవురూ వద్దు," అని గోడవైపు తిరిగాడు.